బతికినోని లెక్క

మా చిన్న మామ తాటిచెట్టు మీది నుంచి పడ్డప్పుడు నేను కోరుట్ల పక్కన అమ్మమ్మ వాళ్ల ఊర్లోనే ఉన్నాను. 2003 ఎండాకాలం. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయి సెలవులు. ముందు రోజు రాళ్లవాన పడింది. చెట్టు తడిగా ఉందని కొందరు, మోకు జారిందని కొందరు అన్నారు. ప్రాణం పోలేదు. నడుము దగ్గర వెన్నుపూస విరిగి, లోపలున్న వెన్నుపాము నలిగిపోయింది. జగిత్యాల, కరీంనగర్, హైదరాబాద్ ఆస్పత్రులు తిరిగాక ఆయన్ని ఇంటికి తెచ్చి నవారు మంచం మీద పండబెట్టారు. అప్పటికి ఆయనకి 31 ఏళ్లు. ఇంకో తొమ్మిదేళ్లు ఆ మంచం మీదే బతికాడు.

ఒక రోజు వాకిట్లో ఎవరో వచ్చి, ఫలానా ఊర్లో చెట్టు మీది నుంచి పడి చనిపోయినాయన ఇంటికి సర్కారు పైసలు వచ్చాయని చెప్పారు. అమ్మమ్మ విని అన్నది: "సచ్చినోనికైతే లెక్క కట్టి ఇస్తరు బిడ్డా. బతికినోనికి లెక్కెవడు కడ్తడు?"

ఆ వయసులో నాకు ఆ మాట క్రూరంగా అనిపించింది. కొడుకు బతికి ఉన్నందుకు సంతోషించకుండా ఇదేం మాట అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఒక రాత్రి 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదువుతుంటే దాదాపు అదే మాట ఇంగ్లీషులో, జడ్జి గారి భాషలో కనిపించింది. మనిషి చనిపోయిన ఇంట్లో మొదటి దెబ్బ తర్వాత ఎలాగో ఒక సర్దుబాటు వస్తుంది, కుటుంబం ముందుకు కదులుతుంది. తీవ్రంగా గాయపడి బతికిన మనిషి ఇంట్లో ఆ బాధ, ఆ నిస్సహాయత, ఒక్కోసారి ఆ దరిద్రం రోజూ కొత్తగా మొదలవుతాయి. కోర్టు చెప్పిన మాటల సారం ఇది. ఆ తీర్పు ఎవరి గురించో, అక్కడిదాకా మన చట్టం ఎలా వచ్చిందో, అది మా కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల దాకా ఎంత చేరిందో చెప్పాలని ఈ వ్యాసం.

* * *

ముందు ఒక విషయం. వెన్నుపాము దెబ్బతిన్న మనిషి దశాబ్దాలు బతకడం చరిత్రలో చాలా కొత్త సంగతి. ఈజిప్టులో దొరికిన, దాదాపు 3,600 ఏళ్ల నాటి ఒక వైద్యపత్రంలో మెడ ఎముక తప్పి కాళ్లూ చేతులూ చచ్చుబడిన మనిషి గురించి రాసి, ఇది వైద్యం చేయదగిన జబ్బు కాదని తేల్చేశారు. ఆ మాట ఇరవయ్యో శతాబ్దం సగం దాకా చెల్లుబాటైందనే చెప్పాలి. వాళ్ల ప్రాణం తీసేది చాలాసార్లు విరిగిన ఎముక కాదు. ఒకే పక్కన పడుకోవడం వల్ల పడే పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఆ తర్వాత కిడ్నీలు.

1944లో ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ఈ కథ మార్చాడు. నాజీల నుంచి తప్పించుకొచ్చిన యూదు డాక్టర్ ఆయన. ఆయన చేసినదాంట్లో మాయ లేదు. రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి. మూత్రాశయాన్ని శుభ్రంగా చూసుకోవాలి. మంచం దింపి పనిలో, ఆటలో పెట్టాలి. 1948లో ఆయన ఆ ఆస్పత్రి ఆవరణలో పెట్టిన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి.

మన దక్షిణాదిలో ఆ పని వెల్లూరులో మొదలైంది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్‌గా ఉన్న మేరీ వర్గీస్ 1954లో ఒక రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. విదేశాల్లో పునరావాస వైద్యం చదివి వచ్చారు. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం మొదలుపెట్టారు.

ఈ వైద్యం కథ ఇక్కడ ఎందుకంటే, నష్టపరిహారం లెక్క మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. మనిషి ఆరు నెలల్లో పోతాడనుకునే కాలంలో ఇరవై, ముప్పై ఏళ్ల ఖర్చు ఎవరు లెక్క కడతారు? వైద్యం ఏళ్లు ఇచ్చింది. ఆ ఏళ్లకు డబ్బు ఎవరు ఇవ్వాలన్నది చట్టం మీద పడ్డ ప్రశ్న.

* * *

చట్టం కూడా మొదట చనిపోయినవాళ్లనే చూసింది. 1855లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ప్రాణాంతక ప్రమాదాల చట్టం, ఇంకొకరి తప్పు వల్ల మనిషి చనిపోతే అతని కుటుంబం దావా వేసుకునే దారి ఇచ్చింది. గాయపడినవాడు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. కానీ కోర్టు ఫీజు కట్టాలి, అవతలివాడి తప్పు నిరూపించాలి. మంచం మీదున్న కూలీకి ఇది అయ్యే పనేనా?

1923 నాటి కార్మికుల పరిహార చట్టం ఈ రెండింటినీ మార్చింది. పనిలో దెబ్బ తగిలితే యజమాని తప్పు ఉందో లేదో నిరూపించక్కర్లేదు. సివిల్ కోర్టు బదులు కమిషనర్ దగ్గరికి వెళ్తే చాలు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకో సంగతి. పెద్ద వయసు కార్మికుడు చనిపోతే 30 నెలల జీతం, పూర్తిగా శాశ్వతంగా పనికిరాకుండా పోతే 42 నెలల జీతం అని ఆ చట్టం రాసింది. రెండింటికీ గరిష్ఠ పరిమితి ఉంది, 2,500 రూపాయలు, 3,500 రూపాయలు. మొత్తాలు చిన్నవే. కానీ వందేళ్ల కిందటే, చావు కంటే మంచం మీది బతుకుకి ఖర్చు ఎక్కువని ఒక చట్టం ఒప్పుకుంది. తర్వాత సూత్రం మారినా ఆ తేడా పోలేదు. చనిపోతే నెల జీతంలో 50 శాతం, పూర్తి వైకల్యానికి 60 శాతం తీసుకుని, వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చించాలి.

ఇప్పుడు రోడ్డు ప్రమాదాల చట్టం చూడండి. 1939 మోటారు వాహనాల చట్టానికి 1956లో సవరణ తెచ్చి ప్రమాదాల కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టారు. 1988లో కొత్త చట్టం వచ్చింది. అందులో ఎవరి తప్పు అని అడగకుండా ఇచ్చే కనీస మొత్తం చావుకి 25,000, శాశ్వత వైకల్యానికి 12,000. 1994లో పెంచారు: 50,000, 25,000. 2019 సవరణలో మళ్లీ పెంచారు: చావుకి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. గుద్ది పారిపోయిన వాహనం కేసుల్లో చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు.

1923లో బతికినవాడిది పెద్ద అంకె. ఇక్కడ బతికినవాడిది సగం, లేదా పావు. తీవ్ర గాయం అంటే విరిగిన వేలు నుంచి నలిగిన వెన్నుపాము దాకా అన్నీ ఒకే గంపలో వేస్తారు కాబట్టి ఇలా అయ్యిందని సమర్థించుకోవచ్చు. అసలైన పూర్తి పరిహారానికి వేరే దారి ఉంది, అక్కడ తప్పు ఎవరిదో చూపించాలి, దాని గురించి ముందుకెళ్లి చెప్తాను. అయినా చట్టం పుస్తకంలో పక్కపక్కనే ఉన్న ఆ రెండు అంకెలు చూసినప్పుడు అమ్మమ్మ మాటే గుర్తొచ్చింది.

* * *

ఇప్పుడు ఆ 2009 తీర్పు. లా రిపోర్టుల్లో దాని పేరు నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ వర్సెస్ ప్రశాంత్ ఎస్. ధనంక. అంటే మన నిమ్స్, పంజాగుట్టలోది.

1990లో ప్రశాంత్‌కి 20 ఏళ్లు. ఇంజనీరింగ్ విద్యార్థి. మాటిమాటికీ జ్వరం వస్తుంటే పరీక్షలు చేశారు. ఛాతీలో, వెన్ను పక్కన గడ్డ ఉందని తేలింది. అక్టోబరులో నిమ్స్‌లో ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. మెలకువ వచ్చేసరికి నడుము కింద శరీరం ఆయన మాట వినలేదు. తర్వాత మూత్రం సమస్యలు, పుండ్లు. 1991 మేలో డిశ్చార్జి అయ్యాడు. నడుచుకుంటూ ఆస్పత్రికి వెళ్లిన కుర్రాడు దాదాపు ఏడు నెలల తర్వాత అలా బయటికి వచ్చాడు.

1993లో ఆయన ఢిల్లీలోని జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాడు. అప్పటికి వినియోగదారుల చట్టం వచ్చి ఏడేళ్లే. డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోగి వినియోగదారుడేనా అన్న ప్రశ్నే ఇంకా తేలలేదు. 1995లో సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో అవును, వైద్యం కూడా సేవేనని చెప్పింది. అంటే ప్రశాంత్ కేసు వేసినప్పుడు ఆయన నిలబడ్డ నేలే ఇంకా గట్టిపడలేదు.

వాదనలో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, గడ్డ వెన్నుకు ఆనుకుని ఉందని తెలిసి కూడా నరాల సర్జన్‌ని ఆపరేషన్‌లోకి ముందే తీసుకోకపోవడం, వెన్ను లోపలికి ఎంత వెళ్లిందో ముందు పరీక్షలతో సరిగ్గా చూడకపోవడం. రెండు, సమ్మతి. ముక్క తీసి పరీక్షించడానికి ఒప్పుకున్న రోగి మొత్తం గడ్డ తీయడానికి కూడా ఒప్పుకున్నట్టేనా? కాదని కోర్టు అంది. దానికి ఏడాది ముందే, 2008లో, సమీరా కోహ్లీ కేసులో ఈ సమ్మతి సూత్రాన్ని కోర్టు వివరంగా చెప్పి ఉంది.

1999లో జాతీయ కమిషన్ నిర్లక్ష్యం నిజమేనంది. ప్రశాంత్‌కి 14 లక్షలు, తల్లిదండ్రులకు లక్షన్నర. రెండు పక్షాలూ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. చాలా ఎక్కువని ఆస్పత్రి, చాలా తక్కువని ఆయన. అక్కడ ఇంకో పదేళ్లు. ఈలోగా ఆయన చదువు పూర్తి చేసి ఐటీ ఇంజనీరు అయ్యాడు, ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం. సుప్రీంకోర్టులో తన కేసు తానే, చక్రాల కుర్చీలోంచి వాదించుకున్నాడు. 2009 మే 14న తీర్పు వచ్చింది. కోటి రూపాయలు, 1999 మార్చి నుంచి 6 శాతం వడ్డీ.

అప్పుడు పేపర్లన్నీ ఆ కోటినే పట్టుకున్నాయి. తీర్పు చదివితే నాకు అంతకన్నా చిన్న అంకెలు ఆసక్తిగా అనిపించాయి. డ్రైవరు కమ్ సహాయకుడికి నెలకి 2,000. నర్సింగ్ పనికి నెలకి 4,000. ఫిజియోథెరపీకి నెలకి 3,000. ఒక్కోటి 30 ఏళ్లకి: 7 లక్షల 20 వేలు, 14 లక్షల 40 వేలు, 10 లక్షల 80 వేలు. వీటికి మందుల ఖర్చు, సంపాదనలో నష్టం, పడ్డ బాధ వేరుగా కలిపారు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. లక్షణం చూసి సమస్య చెప్పడం కన్నా సమస్యని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి లెక్క చెప్పడం ఎంత కష్టమో రోజూ చూస్తాను. ఈ తీర్పులో జరిగింది అదే. "పాపం, జీవితం నాశనమైంది, ఏదో ఒక మొత్తం ఇద్దాం" అని వదిలేయలేదు. పొద్దున లేస్తే ఈ మనిషికి ఎవరు కావాలి, వాళ్లకి నెలకి ఎంత, అలా ఎన్నేళ్లు అని అడిగారు. సానుభూతి లెక్కకి అడ్డు రాకూడదని, అలాగని కేసు రుజువైతే కోర్టు చెయ్యి బిగపట్టకూడదని కూడా అన్నారు. ప్రశాంత్ మంచి జీతం సంపాదిస్తున్నాడు కదా, ఇంకా నష్టం ఏముందన్న వాదన నిలవలేదు. సంపాదించడం ఆయన పట్టుదల. అవతలివాళ్ల బాకీ దానివల్ల మాఫీ కాదు.

ఆ నెలవారీ అంకెలు ఈ రోజు చూస్తే చాలా చిన్నవి. నాలుగు వేలకి హైదరాబాద్‌లో ఇప్పుడు మనిషి దొరకడు. 30 ఏళ్లకి ఒకే రేటు వేయడంలో ధరల పెరుగుదల ఎక్కడా లేదు. లెక్క పద్ధతి దొరికింది గానీ లెక్క ఇంకా సరిగ్గా రాలేదు.

* * *

అదే కాలంలో రోడ్డు ప్రమాదాల వైపు కూడా లెక్క కుదురుకుంది. ప్రశాంత్ తీర్పుకి సరిగ్గా నెల ముందు, 2009 ఏప్రిల్‌లో, సరళా వర్మ కేసులో వయసుకి ఎంత గుణకం వాడాలో సుప్రీంకోర్టు ఒక పట్టిక ఇచ్చింది. 21 నుంచి 25 ఏళ్లకి 18, 31 నుంచి 35 ఏళ్లకి 16, అలా. 2010లో రాజ్ కుమార్ కేసు ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. డాక్టరు సర్టిఫికెట్‌లో ఉన్న వైకల్యం శాతం వేరు, పనిలో నష్టపోయిన శాతం వేరు. ఎడమ చెయ్యి పోతే గుమాస్తాకి ఒక నష్టం, డ్రైవరుకో వడ్రంగికో ఇంకో నష్టం. 2017లో ప్రణయ్ సేఠీ కేసు, సొంత పని చేసుకునేవాళ్లకి కూడా 40 ఏళ్ల లోపైతే భవిష్యత్తు పెరుగుదల కింద ఆదాయానికి 40 శాతం కలపాలంది. 2020లో కాజల్ కేసు, సహాయకుల జీతాన్ని కూడా ఏదో ఒక మొత్తంగా కాకుండా గుణకంతోనే కట్టాలంది.

ఒక ఆదివారం ఎక్సెల్ తెరిచి మా మామకి ఈ సూత్రాలు వేసి చూశాను. 2003లో ఆయన సంపాదన నెలకి 3,000 అనుకుందాం. సంవత్సరానికి 36,000. 40 శాతం కలిపితే 50,400. వయసు 31 కాబట్టి 16తో హెచ్చిస్తే 8,06,400. ఒక సహాయకుడికి నెలకి 2,000 వేస్తే 3,84,000. రెండూ కలిపి 11,90,400 రూపాయలు. మందులు, మంచం, బాధ ఇవేవీ కలపకుండానే.

కానీ ఈ లెక్కకి ఎవరి మీద దావా వేయాలి? ఆయన్ని గుద్దింది లారీ కాదు. ఆయనకి యజమాని లేడు, కాబట్టి 1923 చట్టం లేదు. చెట్టుకి ఇన్సూరెన్స్ ఉండదు. గీత కార్మికుడికి దక్కేది సర్కారు ఎక్స్‌గ్రేషియా, అంటే దయగా ఇచ్చేది. తెలంగాణ వచ్చాక చావుకైనా శాశ్వత వైకల్యానికైనా దాన్ని 5 లక్షలు చేశారు. 2024లో కాటమయ్య రక్ష పేరుతో చెట్టెక్కేవాళ్లకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలైంది. ఇవి మంచివే. కానీ హక్కుగా వచ్చే లెక్కకీ, దయగా వచ్చే మొత్తానికీ తేడా ఉంది. మొదటిదాంట్లో నీ వయసు, నీ సంపాదన, నిన్ను చూసుకునే మనిషి ఉంటారు. రెండోదాంట్లో అందరికీ ఒకటే అంకె.

ఇంటర్‌లో నా దోస్తు ఒకడిది సిరిసిల్ల. వాళ్ల వీధిలో పగలూ రాత్రీ మరమగ్గాల చప్పుడు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు. అక్కడ యజమాని నూలు ఇస్తాడు, ఆసామి సాంచాలు నడిపిస్తాడు, కార్మికుడు మీటరు లెక్కన కూలి తీసుకుంటాడు. ఆ షెడ్డులో బీములు మోస్తూ ఎవరైనా పడి నడుం విరిగితే పరిహారం అడగాల్సిన 'యజమాని' ఎవరు? నూలు ఇచ్చినాయనా, ఆసామా? ఆసామి కూడా కార్మికుడిలాగే ఇబ్బంది పడుతుంటాడు. జీతం చీటీ ఉండదు, హాజరు పుస్తకం ఉండదు. చట్టం ఉన్నా, అది అడిగే కాగితం మన దగ్గర ఉండదు.

జగిత్యాల వైపు వస్తే గల్ఫ్. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఊళ్లలో గల్ఫ్‌కి మనిషి పోని వాడ వెతకాల్సిందే. సారంపై నుంచి పడి వీల్‌చైర్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లని ఈ ప్రాంతం చాలామందిని చూసింది. దుబాయ్ ఉన్న యూఏఈలో 1980 నాటి కార్మిక చట్టం ప్రకారం పూర్తి శాశ్వత వైకల్యానికి 24 నెలల జీతం, కానీ 35,000 దిర్హమ్‌లు దాటకూడదు. 2022 నుంచి ఆ పరిమితి 2 లక్షల దిర్హమ్‌లు అయ్యింది. మన వైపు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవాళ్లకి ప్రమాదంలో చావుకైనా శాశ్వత వైకల్యానికైనా 10 లక్షలు, రెండేళ్లకి ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవాడికి ఇది వర్తించదు. ఏజెంటు మిగిల్చిన టైమ్‌కి, పైసలకి ఇక్కడ మూల్యం కట్టాల్సి వస్తుంది.

ఇక రోడ్లు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడింది. చనిపోయినవాళ్లు 60 మందికి పైగా అని నాకు వెంటనే గుర్తొస్తుంది. గాయపడినవాళ్లు ఎంతమంది? అడిగితే నేను చెప్పలేను, నేను అడిగిన జగిత్యాల దోస్తులూ చెప్పలేకపోయారు. వాళ్లలో ఎవరు మళ్లీ నడిచారు, ఎవరు నడవలేదు అన్నది ఏ వార్తలో చదివిన గుర్తూ లేదు.

* * *

ఇందాక పక్కన పెట్టిన మాట ఇప్పుడు చెప్పాలి. రోడ్డు ప్రమాదంలో పూర్తి పరిహారం కోసం ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి చాలామంది అనుకునే దానికన్నా దగ్గర. ప్రమాదం పుణెలో జరిగినా, గాయపడినవాడు తను ఉండే జిల్లాలోనే క్లెయిమ్ వేసుకోవచ్చు. 1994 సవరణ ఆ వెసులుబాటు ఇచ్చింది. ఒకప్పుడు ఈ ఊళ్లన్నీ కరీంనగర్ జిల్లా. 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల విడి జిల్లాలయ్యాయి. వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం చెప్తుంది. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ అని బోర్డు ఉంటుంది, అక్కడ ఒక దరఖాస్తు ఇస్తే చాలు. ఆర్టీసీ లాంటి సంస్థలకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాకపోయినా, తమ నిధి నుంచి పరిహారం కట్టాల్సిందే.

అదే 1994 సవరణ కాలపరిమితిని కూడా తీసేసింది. 2022 ఏప్రిల్ నుంచి మళ్లీ పెట్టారు, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలని. దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో కేసులు నడుస్తున్నాయి. వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి ఆరు నెలలంటే ఏమిటి? ప్రశాంత్ ఆపరేషన్ తర్వాత దాదాపు ఏడు నెలలు ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఆయనది వేరే చట్టం, ఈ గడువు ఆయనకి లేదు. కానీ ఆ గడువే ఉండి ఉంటే, ఆయన ఇంటికి రాకముందే తలుపు మూసుకుపోయేది. ఆ మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్లు ఆలోచించేది కోర్టు గురించి కాదు. మళ్లీ నడుస్తాడా లేదా అన్నదే. మా ఇంట్లో ఏడాది దాకా నడుస్తాడనే అనుకున్నారు. కేసు గురించి ఆలోచించడమంటే ఆశ వదులుకోవడం అనిపిస్తుంది. చట్టం రాసేవాళ్లకి ఈ ఒక్క సంగతి తెలిస్తే బాగుండు.

ఇంకొకటి, ఎవరి ఎక్సెల్‌లోనూ లేనిది. నేను సహాయకుడికి నెలకి 2,000 వేశాను కదా. ఆ సహాయకుడు మా అత్త. తొమ్మిదేళ్లు రాత్రి రెండుసార్లు లేచి ఆయన్ని పక్కకి తిప్పింది. గుట్‌మన్ పేరు ఆమె వినలేదు. ఎవరో నర్సు చెప్పిందని చేసింది. తొమ్మిదేళ్లలో ఆయనకి పెద్ద పుండు ఒకే ఒక్కసారి పడింది, అదీ అత్త తన తల్లి చావుకి పుట్టింటికి వెళ్లి వారం ఉన్నప్పుడు. పొద్దున బీడీలు చేసేది. బీడీలకి కూలి వచ్చేది, రాత్రి పనికి రాలేదు. 2021లో కీర్తి కేసులో, ఇంటి పని చేసే ఆడవాళ్ల పనికి విలువ కట్టడం దయ కాదు, న్యాయం అన్న అర్థంలో జస్టిస్ ఎన్.వి. రమణ రాశారు. అది చనిపోయిన గృహిణి కేసు. బతికి ఉండి, ఇంకొకరిని బతికించిన గృహిణి పని ఏ తీర్పులోకి వస్తుంది? కాజల్ కేసు సహాయకుల జీతం కట్టమంది కాబట్టి దారి ఉంది. ఇంటి మనిషే చేసింది కదా, ఖర్చేం అయ్యిందని ఇన్సూరెన్స్ లాయరు అడగకుండా ఉంటే.

ఈ వ్యాసం కోసం ఈ మధ్య అత్తకి ఫోన్ చేసి లెక్కలు అడిగాను. మందులకి ఎంత, గొట్టాలకి ఎంత, కరీంనగర్‌కి కారు కిరాయి ఎంత. చాలావరకు ఆమెకి రూపాయలతో సహా గుర్తున్నాయి. చివర్లో, అమ్మమ్మ అన్న మాట గుర్తు చేసి, 11 లక్షల 90 వేలు వచ్చింది అత్తా, అప్పుడు నీ లెక్క అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"అండ్ల నా నిద్ర ఏసినవా అయ్యా?" అన్నది.

వేయలేదు. దానికి ఏ కాలమ్ పెట్టాలో నాకింకా తెలియలేదు.